ఆకుపచ్చ పొర

ఆ నాలుగు బస్తాల జోలికి పదకొండు రోజులుగా ఎవరూ వెళ్ళలేదు.

మ్యూజియం కింది అంతస్తులో, శిలాజాలు ఏరే గది గుమ్మానికి ఎడమ పక్కన, గోడకి ఆనించి ఉన్నాయవి. మూతులకి కట్టిన చీటీల మీద, అందరూ ఉడుము అని పిలిచే తవ్వకం మనిషి చేతిరాత. 'పై పొర' అనీ, బస్తా నంబరూ, తేదీ. ఆ రోజు పొద్దున్న పదిన్నరకి, ఉడుము రాకుండానే, క్వారీ జీపు ఈ బస్తాల్ని దించి వెళ్ళింది. పదకొండుంబావుకి క్వారీ గోడ కూలింది. ఉడుము దాని కింద ఉన్నాడు.

గది ఊడ్చే ఆవిడ వాటిని కదపడం లేదు. చుట్టూ ఊడ్చి వెళ్ళిపోతోంది. బస్తాల చుట్టూ దుమ్ము గీతలా పేరుకుంది.

ఆ గదిలో కూర్చునే మనిషిని అందరూ భూతద్దం అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే మైక్రోస్కోపు. నల్లరంగు వేసిన చిన్న పళ్ళెంలో చిటికెడు ఇసుక పోస్తాడు. తడి కుంచె కొనతో రేణువు రేణువునీ పక్కకి తోస్తాడు. సొరచేప పన్ను కనబడితే కుంచె కొనకి అంటించి ఎత్తి, అగ్గిపెట్టెంత డబ్బాలో వేస్తాడు. ఊరవతల క్వారీ ఉన్న చోట కోట్ల ఏళ్ళ కిందట సముద్రం ఉండేది. సొరకి ఎముకలుండవు. చచ్చాక ఒళ్ళంతా కరిగిపోతుంది. బతికినన్నాళ్ళూ రాల్చిన పళ్ళే మిగులుతాయి.

తవ్వేది ఉడుము. క్వారీ చెరువు దగ్గర జల్లెడ పట్టి, కడిగి, ఆరబెట్టి పంపేదీ ఉడుమే. ఏరేది భూతద్దం. ఉడుము ఆయనకి బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. రాతి గోడల్ని కరుచుకుని ఎక్కుతాడని ఆ పేరు వచ్చింది. బస్తా దించినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అనందే వెళ్ళేవాడు కాదు. "బావా, నువ్వు పళ్ళ డాక్టరువి. పేషెంట్లందరూ ముందే చచ్చారు కాబట్టి బతికిపోయావు," అనేవాడు. రోజూ పదిన్నర కాగానే భూతద్దం ఇప్పటికీ తలెత్తి గుమ్మంకేసి చూస్తున్నాడు. మెట్ల మీద గమ్‌బూట్ల చప్పుడు వినబడినట్టే ఉంటోంది. అది రావడం లేదని తెలుసు. మెడ మాత్రం మాట వినడం లేదు.

సోమవారం మధ్యాహ్నం విచారణ అధికారి వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో లావుపాటి ఫైలు. ఆయన ఎదుట స్టూలు మీద కూర్చుని, ఇప్పటిదాకా తేలింది చదివి వినిపించింది. క్వారీ పెద్ద గోడ కింద ఎవరూ పని చేయకూడదని ఆరు నెలల కిందటే నోటీసు పెట్టారు. మ్యూజియానికి అనుమతి ఉన్నది పైన చదును మెట్టు మీద మాత్రమే. తవ్వే మనిషి పనివేళలో ఆ మెట్టు వదిలి కిందికి దిగాడు. అతని జేబులో బొటనవేలంత సొరపళ్ళు మూడు దొరికాయి. అలాంటివి కొనేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. అమ్ముకోవడానికి వెళ్ళాడని మ్యూజియం అభిప్రాయం.

"మ్యూజియం అంటే ఎవరండీ?" అన్నాడు భూతద్దం.

క్యూరేటర్ సంతకం ఉందని ఆవిడ చెప్పింది. గురువారం ఉదయం ఆఖరి వాంగ్మూలాలు. డ్యూటీలో పోయాడని తేలితే ఉడుము ఉద్యోగం అతని భార్యకి వస్తుంది. దొంగతనానికి వెళ్ళి పోయాడని తేలితే ఉద్యోగమూ రాదు, ఆ మాటా చెరగదు. చెప్పాల్సింది ఉంటే గురువారంలోగా చెప్పమని ఆవిడ ఫైలు మూసింది. వెళ్తూ వెళ్తూ ఆ నాలుగు బస్తాలకేసి చూసి, అవేమిటని అడిగింది.

"ఆఖరి బస్తాలు. ఇంకా కడగలేదు."

సాయంత్రం ఇంట్లో ఆ సంగతంతా భార్యకి చెప్పాడు. ఆవిడ కంచం ముందు కూర్చుంది గానీ అన్నం కలపలేదు. తమ్ముడు పోయిన రోజునుంచీ ఏడవలేదు ఆవిడ. ఇంట్లో తలుపులు మాత్రం అదివరకటి కంటే నెమ్మదిగా వేస్తోంది. నిద్రపోతున్న మనిషి ఎవరో పక్కగదిలో ఉన్నట్టు.

"క్యూరేటర్ సంతకం పెట్టాక నేనేం చేయగలను?" అన్నాడు.

"తేలిస్తే మీరే తేల్చాలి," అంది భార్య. "ఇంకెవరివల్లా కాదు."

మంగళవారం పొద్దున్నే మొదటి బస్తా ముడి విప్పాడు.

కడగని మన్ను చూసి ఆయనకి ఏడెనిమిది నెలలు దాటింది. అప్పటినుంచీ ఉడుము కడిగి పంపిన శుభ్రమైన ఇసుకే వచ్చేది. ఆ రోజు కడిగే తీరిక దొరకలేదేమో, ఇందులో బంకమట్టి పెళ్ళలు ఎండి గట్టిపడ్డాయి. చెయ్యి పెట్టి పైపెళ్ళ తీశాడు. దాని మీద నాలుగు వేళ్ళ గుంటలు, వెనకవైపు బొటనవేలి గుంట. తడిగా ఉన్నప్పుడు పిడికిట పట్టి పెళ్లగించి బస్తాలో వేసినట్టున్నాడు. చూపుడువేలి గుంటలో గోరు గీత కూడా ఉంది.

ఆయన తన వేళ్ళు వాటిలో పెట్టి చూశాడు. సరిపోలేదు. ఉడుము చెయ్యి పెద్దది.

కాసేపు ఆ పెళ్ళని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నీళ్ళ బకెట్ ఉంది. దాన్ని నీళ్ళలో వేస్తే ఆ చెయ్యి పోతుంది. వెయ్యకపోతే లోపలేముందో తెలియదు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. పెళ్ళని రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పటిలా మెల్లిగా ముంచాడు. బుడగలు వచ్చాయి. వేళ్ళ గుంటలు ముందు మెత్తబడి, తర్వాత విచ్చుకుని, తర్వాత లేకుండా పోయాయి.

నీళ్ళ రంగు మారింది.

ఆయన కిటికీ దగ్గరికి బకెట్ లాక్కెళ్ళాడు. పై పొర మన్ను కరిగితే నీళ్ళు పసుపుగా మారాలి. పై పొర అంటే లోతులేని తీరం. నది వచ్చి కలిసే చోటు, మోకాల్లోతు నీళ్ళు, ఆల్చిప్ప ముక్కలు, చాటలా బల్లపరుపుగా ఉండే టేకుచేపల పలక పళ్ళు. ఈ నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. లోతు సముద్రం అడుగున, అలల కదలిక అందని చోట మాత్రమే పుట్టే ఆకుపచ్చ ఇసుక అది. క్వారీలో అది ఒకే ఒక్క చోట ఉంది. పెద్ద గోడ అడుగున, మోకాలెత్తు పొర.

మిగతా మూడు బస్తాలూ విప్పాడు. అన్నిట్లోనూ అదే మన్ను. చీటీల మీద మాత్రం పై పొర.

ముందు ఆయనకి సంతోషం వేసింది. పన్నెండు రోజుల్లో మొదటిసారి. దొంగతనానికి పోయేవాడు జేబులు నింపుకుంటాడు గానీ మ్యూజియం బస్తాలు నాలుగు నింపి, నంబర్లు వేసి, జీపెక్కించి పంపుతాడా? వాడు గోడ కింద చేసింది మ్యూజియం పనే. బకెట్ చేత్తో పట్టుకునే క్యూరేటర్ గదికి మెట్లెక్కాడు. మెట్ల నిండా ఆకుపచ్చ బొట్లు పడ్డాయి.

క్యూరేటర్ బల్ల మీద అచ్చుకి వెళ్ళబోయే వ్యాసం ప్రూఫులు పరిచి ఉన్నాయి. భూతద్దానికి అవి కొత్త కాదు. లోతునీళ్ళలో బతికే సొర ఒకటుంది. దాని పన్ను దువ్వెనలా ఉంటుంది, ఒకే వేరు మీద వరసగా ఆరేడు మొనలు. అలాంటి పన్ను పై పొరలో దొరకకూడదు. ఏడు నెలల కిందట దొరికింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి, మొత్తం పదహారు. అన్నీ చిన్నవి, పిల్ల సొరలవి. తల్లి సొరలు పిల్లల్ని పెట్టడానికి లోతు వదిలి ఈ తీరానికి వచ్చేవని క్యూరేటర్ రాశాడు. ఇంతకుముందు ఎవరూ చెప్పని మాట. చివర కృతజ్ఞతల్లో, పళ్ళని మొదట గుర్తుపట్టింది ఏరే గదిలోని ఫలానా ఆయన అని భూతద్దం అసలు పేరు కూడా ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ పేరు అచ్చవడం అదే మొదలు.

"ఇది పై పొర మన్ను కాదు సార్," అన్నాడు భూతద్దం బకెట్ దించి.

క్యూరేటర్ నీళ్ళలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "చీటీ పై పొర అంటోందిగా?"

"చీటీ వాడు రాశాడు. ఇసుకని వాడు రాయలేదు కదా సార్."

క్యూరేటర్ తడి వేళ్ళు రుమాలుకి తుడుచుకున్నాడు. చెడ్డ మనిషి కాదాయన. ఉడుము పోయిన రోజున ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా నిలబడిన మనిషి. ఆయన చూపు బకెట్ మీంచి ప్రూఫుల మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"మరి అంతకుముందు వచ్చిన బస్తాల సంగతి?" అన్నాడు.

ఆ ప్రశ్న భూతద్దానికి అప్పటిదాకా తట్టలేదు. మెట్లెక్కేటప్పుడు కొండ తవ్వుతున్నాననుకున్నాడు. ఎలుక తన కాళ్ళ కిందే ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ బస్తాలూ ఇలాంటివే అయితే పదహారు పళ్ళూ పై పొరవి కావు.

క్యూరేటర్ బీరువా తీసి పదహారు డబ్బాలున్న సొరుగు బయటికి లాగాడు. భూతద్దం ఒక్కొక్క పన్నునీ తిరగేసి, జేబులోని లెన్సుతో వేరు వెనక సన్నని గాడిని చూశాడు. మూడో పన్నులో లేదు. నాలుగో దానిలో ఉంది. గాడి లోతులో, కుంచె అందని చోట, ఆవగింజలో సగమంత ఆకుపచ్చ రేణువు. ఏడో దానిలో ఉంది. పదకొండో దానిలో రెండున్నాయి.

కుంచె అందిన చోటల్లా తనే తుడిచాడు. అదిప్పుడు గుర్తొచ్చింది. ఏరుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు ఆ రంగు కంట పడింది. ఉడుము చెరువు నీళ్ళలో కడుగుతాడు కదా, పాచి అయ్యుంటుందనుకున్నాడు. అలా అనుకుంటే హాయిగా ఉండింది. మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలిసినట్టు, రేణువు పట్టి చూస్తే సముద్రం లోతు చెప్పే మనిషని ఆయనకి పేరు. ఆ మనిషే ఏడు నెలలు రేణువుని తుడిచేసి చీటీని నమ్మాడు.

"గురువారం దాకా ఎవరితోనూ అనకండి," అన్నాడు క్యూరేటర్ సొరుగు లోపలికి తోస్తూ. "నేను ఆలోచిస్తాను."

బుధవారం భూతద్దం క్వారీకి వెళ్ళాడు.

గోడ కూలిన చోట తాడు కట్టారు. క్వారీ మేస్త్రీ, ఉడుముకి పదేళ్ళ స్నేహితుడు, హెల్మెట్ ఒకటి తెచ్చి ఆయన తలకి పెట్టి, తాడు బయటే ఉండాలని షరతు పెట్టి కిందికి తీసుకెళ్ళాడు. అరవై అడుగుల ఎత్తు గోడ. పైన పసుపు, మధ్యలో బూడిద రంగు, అడుగున మోకాలెత్తున నల్లటి ఆకుపచ్చ. కూలిన రాయి కుప్పగా పడి ఉంది. ఉడుముని బయటికి తీయడానికి తవ్విన దారి దాని మధ్యనుంచి వెళ్ళింది.

భూతద్దం కుప్పకేసి ఎక్కువసేపు చూడలేకపోయాడు. చూపు ఎడమకి తిప్పాడు. అక్కడ గోడ నిలిచే ఉంది. దాని అడుగున, ఆకుపచ్చ పొరలో, వరసగా గుంటలు. ఒక్కోటీ మనిషి వంగి కూర్చుని తల లోపలికి పెట్టగలిగినంత. మధ్యలో నాలుగైదు అడుగుల దూరం. కొత్త గుంటలకి గడ్డపలుగు గాట్లు పదునుగా ఉన్నాయి. ఎడమకి వెళ్ళేకొద్దీ వానకి అంచులు కరిగాయి. చిట్టచివరి దానిలో గడ్డి మొలిచింది.

ఆయన వాటిని లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. గుంటల ముందు ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. ఒకదాని ముందు మన్ను చదునుగా అణిగి, కూర్చున్న మనిషి పిరుదుల వెడల్పున పళ్ళెంలా ఉంది. గాలి లేదు. పైన ఎక్కడో చిన్న రాయి ఒకటి జారి, తట్టుకుంటూ తట్టుకుంటూ వచ్చి కింద పడింది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"రోజూ అలాగే రాలేవి," అన్నాడు మేస్త్రీ. "పిట్ట రెట్ట వేసిందనుకో అనేవాడు."

ఇవన్నీ నీకు ముందే తెలుసా అని భూతద్దం అడిగాడు.

మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. నోటీసు పెట్టాక కూడా దిగనిచ్చాడని తెలిస్తే తన పని పోతుందని, అందుకే విచారణలో నోరు మెదపలేదని ఒప్పుకున్నాడు. "చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. నేనలా పొగడ్డం లేదు. వాడికి బుద్ధి లేదు. ఎన్నిసార్లు తిట్టానో," అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. మొదటి దువ్వెన పన్ను గోడ కింద నడుస్తుంటే కాలికి తగిలిందట. చేతిలో ఉన్న బస్తాలో పడేశాడట. అది పై పొర బస్తా. నాలుగు రోజుల తర్వాత, ఆ పన్ను కిందిదని చెబుదామని మ్యూజియానికి వస్తే, అప్పటికే సంగతి పెద్దసారు దాకా వెళ్ళిపోయిందట.

"ఇప్పుడు చెప్తే మా బావ పరువు పోతుందన్నాడు. సరే, అక్కడితో ఊరుకో అన్నాను. ఊరుకుంటేగా. ఒక్కటి సరిపోదంట, ఇంకా కావాలంట." మేస్త్రీ హెల్మెట్ పట్టీ వదులు చేసుకున్నాడు. "గోడ మీద పడి చస్తావురా అంటే ఏమన్నాడో తెలుసా అండీ? మా బావ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇదొక్కటే అడిగాడు అన్నాడు."

భూతద్దానికి ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. గుమ్మంలో ఉడుము నిలబడి ఉన్నాడు, ఏదో చెప్పడానికి వచ్చినవాడిలా. తనే కుర్చీలోంచి లేచి, భుజాలు పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఆ పన్ను చూపించాడు. ఒక్కటుంటే ఎక్కడిదో కొట్టుకొచ్చిందంటారురా, ఇంకో పది పట్టుకురా, పట్టుకొస్తే నీ బావ పేరు పుస్తకాల్లో ఉంటుంది అన్నాడు. ఉడుము చాలాసేపు కన్ను తీయకుండా చూశాడు. "సరే బావా," అన్నాడు. ఆ రోజు జోకేమీ వెయ్యలేదు.

తిరిగి వచ్చే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేశాడు.

ఇల్లు చేరేసరికి ఉడుము భార్య కూడా అక్కడే ఉంది. మంచం మీద ఆరిన బట్టలు కుప్పగా పోసి వదిన, మరదలు ఇద్దరూ మడతలు పెడుతున్నారు. ఆయన చెప్పులు విడవకుండానే, వాడు దొంగ కాదని తేలింది అన్నాడు. బస్తాల్లో మన్ను సంగతి చెప్పాడు. మ్యూజియం పని మీదే గోడ కిందికి దిగాడని రేపు చెబుతానన్నాడు.

ఆ పిల్ల చేతిలోని చొక్కాని మడతపెట్టడం పూర్తి చేసి, దాన్ని మిగతావాటి మీద పెట్టి, అరచేత్తో చదును చేసింది. "మరి అక్కడికెందుకు వెళ్ళారు అన్నయ్యా? పైన తవ్వమంటే కిందికెందుకు దిగారు?"

"పని మీదేనమ్మా," అన్నాడు.

భార్య తలెత్తి ఆయన మొహం చూసింది. మడతపెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

గురువారం విచారణ మ్యూజియం మీటింగ్ హాల్లో. వరండాలో బెంచీ మీద భార్యని కూర్చోబెట్టి భూతద్దం లోపలికి వెళ్ళబోతుంటే క్యూరేటర్ పక్కకి పిలిచాడు. రెండు రోజుల్లోనే ఆయన కళ్ళ కింద నల్లగా అయింది. చేతిలో టైపు చేసిన కాగితం.

పైన మెట్టు మీద పని చేస్తుంటే గడ్డపలుగు జారి కింద పడిందని, అది తీసుకోవడానికి ఉడుము దిగాడని, జేబులోని పళ్ళు మ్యూజియానికి ఇవ్వవలసినవేనని అందులో ఉంది. దొంగతనం అన్న మాట తను వెనక్కి తీసుకుంటాడట. డ్యూటీలో పోయినట్టే లెక్క. ఆమెకి ఉద్యోగం ఖాయం. సాక్షిగా భూతద్దం సంతకం చేస్తే చాలు.

"బస్తాల సంగతి?" అన్నాడు భూతద్దం.

"వాటిని చూసింది మనిద్దరమే," అన్నాడు క్యూరేటర్. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఇంకా పదమూడేళ్ళు ఈ గదిలో కూర్చోవాలి. నేనూ మీ ఇంట్లో వాళ్ళ గురించే చూస్తున్నాను. మీ ఆవిడకి ఆ సంగతి ఎలా చెప్తారు?" అన్నాడు.

అంటే ఆయనా ఆలోచించాడు. ఉడుము ఎవరి కోసం దిగాడో ఆయనకీ అర్థమైంది.

భూతద్దం కాగితం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అందరూ బతికే కాగితం. ఆమెకి ఉద్యోగం, వాడికి మంచి పేరు, సారుకి వ్యాసం, తనకి ఇల్లు. హాల్లోకి వెళ్ళి కూర్చున్నాడు. అధికారి ఫైలు తెరిచి కలం మూత తీసింది. మరణించిన వ్యక్తి నిషేధించిన చోటికి ఎందుకు వెళ్ళాడో మీకు తెలుసా అని అడిగింది.

జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం అంచు వేళ్ళకి తగిలింది. గడ్డపలుగు జారిందని చెప్పాలి. ఉడుము చేతిలోంచి గడ్డపలుగు జారడం. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళలో వాడి చేతిలోంచి ఏదీ జారి పడలేదు.

"నేను పంపాను," అన్నాడు.

కలం ఆగింది. క్యూరేటర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

మొదటి పన్ను దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. పైదనుకుని ఎగిరి గంతేసిందీ, ఇంకో పది తెమ్మన్నదీ, వాడు నిజం చెప్పలేక ఆ పొరలోంచే తెచ్చి పై పొర చీటీ కట్టిందీ, గోడ కింద వరసగా ఉన్న గుంటలూ. మేస్త్రీ పేరు ఎత్తలేదు. బస్తాల్లో మన్ను ఇంకా ఉందనీ, ఎవరొచ్చి చూసినా తెలుస్తుందనీ చెప్పాడు. జేబులో దొరికిన మూడు పళ్ళని అధికారి కవరులోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన లెన్సు తీసి చూసి, వాటి వేర్లలోనూ అదే ఇసుక ఉందని, బస్తాలో వేస్తే పగులుతాయని పెద్దవాటిని తవ్వేవాళ్ళు జేబులోనే పెట్టుకుంటారని చెప్పాడు. అందరూ చేసే పనే అది.

"అవి గోడ కిందనుంచి వస్తున్నాయని అప్పుడు మీకు తెలుసా?"

"తెలియదండీ."

ఆవిడ రాసుకోబోయింది.

"తెలుసుకోకుండా ఉన్నాను," అన్నాడు. "ఆ రేణువులు నాకు కనబడ్డాయి. తుడిచేశాను. అలా రాయండి."

ఆవిడ అలాగే రాసింది. రాయడం అయ్యాక ఆవిడ క్యూరేటర్‌కేసి తిరిగింది. దొంగతనం మాట మీద మ్యూజియం ఇంకా నిలబడుతోందా అని అడిగింది. క్యూరేటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"లేదు," అన్నాడు. కాస్త ఆగి, "పదహారూ కింది పొరవే. నేనూ చూశాను," అన్నాడు.

ఆవిడ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. అతను మ్యూజియం మనిషి అడిగిన పని మీదే వెళ్ళినట్టు రాస్తానంది. అతని భార్య విషయంలో ఇక అడ్డు లేదు. అడిగిన మనిషి విషయం వేరే ఫైలు అవుతుంది. సంతకం పెట్టమని కాగితం ఇటు తిప్పింది. ఆయన తన అసలు పేరు పూర్తిగా రాశాడు.

వరండాలోకి వచ్చేసరికి భార్య ఎలా కూర్చోబెట్టాడో అలాగే కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, సంచీ మీద రెండు చేతులు. ఆయన పక్కన కూర్చున్నాడు. దొంగ అన్న మాట కొట్టేశారని చెప్పాడు. ఉద్యోగం ఆ పిల్లకి వస్తుందని చెప్పాడు. ఆవిడ తలూపింది.

ఇక మిగిలింది ఒక్కటే. క్వారీ గోడ కన్నా అదే ఎత్తుగా ఉంది.

"వాడు అక్కడికి వెళ్ళింది నా కోసం," అన్నాడు. "ఆ దువ్వెన పళ్ళ కోసం. నేనే తెమ్మన్నాను."

ఆవిడ ఆయనకేసి తిరగలేదు. వరండా చివర గోడ మీద ఏదో చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయింది.

"నాకు తెలుసు," అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"నెల కిందట నాతో చెప్పాడు. మీరు స్నానానికి వెళ్ళారు, వాడు వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. గోడ కిందనుంచి తెస్తున్నానక్కా, బావకి చెప్పకు అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు." సంచీ పిడిని వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. "మీరు ఆ రోజుల్లో ఇంటికొచ్చి మాట్లాడేవారు. ఆ సొర తీరానికి వచ్చేదనీ, పిల్లల్ని అక్కడ పెట్టి వెళ్ళేదనీ. ఇరవై ఏళ్ళలో మీరు నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. రోజూ ఎదురుచూసేదాన్ని. అందుకని వాణ్ణి ఆపలేదు. జాగ్రత్తగా వెళ్ళరా అన్నాను. అంతే అన్నాను."

పద్నాలుగు రోజులుగా ఆవిడ తలుపులు ఎందుకంత మెల్లిగా వేస్తోందో ఆయనకి తెలిసింది.

"లోపల మీ పేరొక్కటే రాయించారా?" అని అడిగింది.

అవునన్నాడు.

ఆవిడ సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ముందు ఇక్కడ చెప్తాను. తర్వాత ఆ పిల్ల దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం," అంది. ఆయన చెయ్యి చాచాడు గానీ, ఆపడానికో పట్టుకోవడానికో ఆయనకే తెలియలేదు. అప్పటికే ఆవిడ హాలు తలుపు తోసింది.

తలుపు పూర్తిగా పడలేదు. లోపల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది, తర్వాత అధికారి గొంతు. మరణించినతనికి మీరేమవుతారని అడుగుతోంది.

"అక్కని," అంది ఆవిడ. "వాడు గోడ కిందికి వెళ్తున్నాడని నాకు ముందే తెలుసు."